అక్క కామెంట్లు

ఆ ఆఫీసులో అందరూ ఆమెను చెల్లి అనే పిలిచేవారు. మేనేజరూ అంతే, ఆమెకంటే పదేళ్ళు చిన్నవాళ్ళూ అంతే. మొదట్లో ఆ పిలుపుకి ఒక అర్థం ఉండేది. పక్క కుర్చీలో ఆమె సొంత అక్క కూర్చునేది. ఆవిడ అందరికీ అక్క, కాబట్టి ఈవిడ అందరికీ చెల్లి. అక్క పోయి మూడేళ్ళయింది. కుర్చీ ఖాళీ అయింది గానీ పిలుపు మాత్రం పోలేదు. ఇప్పుడు ఈవిడ ఎవరికి చెల్లి అని ఒక్కరూ ఆలోచించలేదు. ఎవరైనా పిలవగానే ఆమె చూపు ముందు పక్క కుర్చీ మీదికి వెళ్ళేది, తరవాతే నోట్లోంచి జవాబు వచ్చేది.

వాళ్ళ పని వినడానికి చిన్నదే. ఎక్కడో దూరాన ఉన్న క్లయింట్ల కంప్యూటర్లు మొరాయిస్తే ఈ ఆఫీసు కుర్రాళ్ళు బాగుచేస్తారు. బాగుచేయడం ఒక ఎత్తయితే, బాగుచేస్తున్నాం బాబూ అని వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పడం మరో ఎత్తు. కోడ్ రాయమంటే కళ్ళు మూసుకుని రాసిపారేసే మొనగాడు కూడా రెండు వాక్యాల మెయిలు రాయమంటే తల గోక్కుంటూ కూర్చుంటాడు. పెద్ద పెద్ద మాటలన్నీ వాడికి సరిగ్గానే వస్తాయి. ఇన్, ఆన్, ఎట్, టు, బై అనే బుడ్డి మాటల దగ్గరే చతికిలబడతాడు. వాటిని దిద్దడానికే కంపెనీ అక్కని పెట్టుకుంది. పని పెరిగాక అక్క తన చెల్లెల్ని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

అక్క పుస్తకాల్లో ఉన్నట్టు చెప్పేది కాదు. "మన భాషలో లో, మీద, కి అన్నీ బుద్ధిగా మాట వెనకాల నడుస్తాయే. వాళ్ళ భాషలో ముందు పరిగెడతాయి. పైగా ఎవరి ముందు ఎవరు పరిగెత్తాలో పెళ్ళి సంబంధాల్లా ఎప్పుడో కుదిరిపోయి ఉంటుంది. ఎందుకని అడక్కు. ఎవరికి ఎవరితో కుదిరిందో గుర్తుపెట్టుకో, చాలు" అనేది. మనం సెలవులో ఉంటాం, వాళ్ళు సెలవు మీద ఉంటారు, ఆన్ లీవ్. మీటింగ్ అయితే మళ్ళీ లోపలే, ఇన్ ఎ మీటింగ్. ఫోను పట్టుకున్నారంటే పైకెక్కి కూర్చుంటారు, ఆన్ ఎ కాల్. డిస్కస్ అనే మాట ఒంటరిది, దాని పక్కన అబౌట్‌ని కూర్చోబెట్టకూడదు. ఇంత విడమరిచి చెప్పాక కూడా ఎవరైనా అదే తప్పు రాస్తే అక్క నోటికి తాళం ఉండేది కాదు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఎవరో వేరే చెప్పాలా?

చెల్లెలు కొత్తగా చేరినప్పుడు ఆమెకి అప్పగించిన మొదటి పని క్లయింట్లకి పంపే జవాబుల నమూనాలు రాయడం. సర్వర్ ఆగిపోతే ఏం రాయాలి, ఆలస్యమైతే ఏం రాయాలి, పాస్‌వర్డ్ మర్చిపోయినవాడికి ఏం రాయాలి, ఇలా. అవన్నీ అక్క ఐడీ కింద ఒకే ఫైల్లో ఉండేవి. చెల్లెలు రాసింది, అక్క చదివి అంచున పసుపు రంగు గళ్ళలో కామెంట్లు పెట్టింది. పొరపాటున క్లయింట్ కంట పడినా అర్థం కాకూడదని తెలుగులోనే పెట్టింది.

"వర్కింగ్ ఇన్ ద ఇష్యూ ఏంటే? సమస్య లోపలికి దూరి కూర్చున్నావా? ఆన్ పెట్టు."

"రిప్లై మీ కాదు. మధ్యలో టు ఏదీ? టీతో పాటు తాగేశావా?"

"టిల్ ఫ్రైడే కాదే మొద్దూ, బై ఫ్రైడే. శుక్రవారం దాకా బాగుచేస్తూనే కూర్చుంటామా? శుక్రవారం లోపు కదా!"

వాటిని చెల్లెలు దిద్దేలోపే అక్క ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టింది. చిన్న ఆపరేషనే అన్నారు. శుక్రవారం సాయంత్రం చెల్లెలు ఇద్దరి బ్యాగులూ భుజాన వేసుకుని లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడింది. అక్క కుర్చీలోంచి లేవదే!

"ఒక్క నిమిషం ఆగవే, లీవు మెసేజ్ పెట్టి వస్తా."

"దాన్నెవరు చదువుతారే? వారం రోజుల సెలవుకి రామాయణమంతా రాయాలా? రావే తల్లీ, బావ కింద కారులో కూర్చుని ఉన్నాడు."

అక్క వినలేదు. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. లిఫ్టు రెండుసార్లు వెళ్ళిపోయింది. చెల్లెలికి ఒళ్ళు మండి, కిందికి దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. వారం తిరిగాక సోమవారం వచ్చేస్తానన్న మనిషి ఏ సోమవారమూ రాలేదు. ఆ లిఫ్టులో తను మూతి ముడుచుకుని నిలబడ్డ సంగతి తలచుకుంటే చెల్లెలికి ఇప్పటికీ అన్నం సయించదు.

తరవాత ఏం మిగిలింది? బావ ఇంట్లో ఫొటోలున్నాయి. ఫొటోల్లో అక్క నవ్వుతూ ఉంటుంది. అక్క అంతసేపు నవ్వగా చెల్లెలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వాయిస్ మెసేజ్‌లు ఉన్న ఫోను నీళ్ళలో పడి పాడైంది. చీరలు బావ ఎవరెవరికో ఇచ్చేశాడు, పాపం ఆయన బాధ ఆయనది. తిట్టే అక్క, మొద్దూ అని పిలిచే అక్క, ఇంకెక్కడా లేదు. ఆ ఫైలు అంచున పసుపు గళ్ళలో మాత్రం ఉంది.

ఆ పసుపు గళ్ళకి ఒక తిరకాసు ఉంది. చెప్పిన తప్పు దిద్ది రిజాల్వ్ అనే మీట నొక్కితే కామెంటు మాయమైపోతుంది. ఎంత మంచి దిద్దుబాటైనా దాని పని అయిపోగానే ఉండదు. అక్క పోయాక మొదటిసారి ఫైలు తెరిచినప్పుడు చెల్లెలి వేలు ఆ మీట మీదికి వెళ్ళి ఆగింది. తప్పు ఉన్నంతకాలమే అక్క ఉంటుందని ఆమెకి ఆ పూట అర్థమైంది.

అప్పటినుంచి ఆమె చేసిన పని వింటే మీరు నవ్వుతారు. అసలు ఫైల్లో తప్పులు తప్పుల్లాగే ఉంచింది. కుర్రాళ్ళు దాన్ని కాపీ చేసి క్లయింటుకి పంపబోయేముందు, ప్రతి కాపీనీ తన దగ్గరికి తెప్పించుకుని చేత్తో దిద్దింది. అవే తప్పులు, అవే దిద్దుబాట్లు, రోజూ. అసలు దాన్ని ఒక్కసారి దిద్దితే పోయేదానికి మూడేళ్ళుగా కాపీల వెంట పడి తిరిగింది. ఇంగ్లీషు దిద్దడానికి జీతం తీసుకునే మనిషి తప్పుల్ని పెంచి పోషించింది! ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని లోపల పీకుతూనే ఉండేది గానీ, ఎవరూ అడగలేదు.

రాసుకోవచ్చు కదా అంటారేమో. ఆ అంతస్తులోకి ఫోన్లు రానివ్వరు, కాగితం బయటికి పోనివ్వరు, క్లయింట్ల షరతు. అయినా ఒకసారి కామెంట్లన్నీ గుర్తుపెట్టుకుని ఇంటికెళ్ళి రాసి చూసింది. తన చేతిరాతలో అవి ఉత్త గ్రామరు పాఠాల్లా ఉన్నాయి. అక్క గొంతు అందులోకి రాలేదు. ఆ కాగితాన్ని చించేసింది.

ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఫైలు ఎవరైనా తెరిచి ఉంటే పైన మూలకి వాళ్ళ పేరులోని మొదటి అక్షరంతో ఒక చిన్న ఆకుపచ్చ గుండ్రం వెలుగుతుంది. వారానికి ఒకసారో రెండుసార్లో, మధ్యాహ్నం టీ వేళకి, అక్క అక్షరం వెలిగేది.

మొదటిసారి చూసినప్పుడు చేతిలో కప్పు కింద పెట్టేసింది. కప్పులో టీ మీగడ కట్టేదాకా కదలకుండా కూర్చుంది. ఆ గుండ్రం కాసేపుండి ఆరిపోయింది. తరవాత తరవాత ఆ వేళకి ఎదురుచూడటం అలవాటైంది. అది వెలగగానే నిటారుగా కూర్చునేది, మీటలు నెమ్మదిగా నొక్కేది, వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు మెడ దగ్గర చల్లగా ఉండేది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఫైల్లో ఒక ఖాళీ చోట కావాలనే డిస్కస్ అబౌట్ అని రాసింది. అక్క ఊరుకోలేని తప్పు అది. అంచున పసుపు గడి వస్తుందేమోనని రెప్ప వేయకుండా చూసింది. గుండ్రం ఆరిపోయింది, గడి రాలేదు. ఆ రోజు బాత్రూములో కొళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది.

మెయిళ్ళూ అంతే. అక్క పోయిన కొత్తలో ముక్కూమొహం తెలియని క్లయింట్లు నేరుగా ఈమెకే రాయడం మొదలుపెట్టారు. ఈ వాక్యం సరిగ్గా ఉందా, ఈ నోటీసు చూసి పెడతారా అని. ప్రతి మెయిల్లోనూ ఒకటే మాట, మిమ్మల్ని అడగమన్నారు. ఎవరన్నారో రాసేవారు కాదు. ఇదంతా మేనేజరు తన నెత్తిన పడేసిన చాకిరీ అనుకుని ఆమె పళ్ళు నూరుకునేది. అక్క పనంతా తన మీద పడింది గానీ, అక్కకున్న తెలివి తనకెక్కడిది? అక్క బతికుండగా తను రాసిందాన్ని ఒక్కసారైనా మెచ్చుకుందా? ప్రతి జవాబూ పంపేముందు నాలుగుసార్లు చదువుకునేది.

మూడేళ్ళూ ఇలా గడిచాక, ఈ మధ్య ఆమెకి జ్వరం వచ్చింది. మంచం దిగలేని జ్వరం. ఆ రోజు ఎవడో కుర్రాడు కంగారులో అసలు నమూనానే కాపీ చేసి, దిద్దించకుండా పెద్ద క్లయింటుకి పంపేశాడు. మీ సిస్టమ్‌ను టిల్ ఫ్రైడే బాగుచేస్తాం అని వెళ్ళింది. అవతలివాళ్ళు ఊరుకుంటారా? శనివారం నుంచి మళ్ళీ పాడుచేస్తారా అని అడిగారు.

జ్వరం తగ్గి వచ్చేసరికి మేనేజరు ఫైలు తెరిచి పెట్టుకుని ఉన్నాడు. మంచివాడే, అరిచే రకం కాదు. అదే ఇంకా కష్టం.

"ఏంటమ్మా చెల్లీ ఇది? ఇవన్నీ ఎప్పటివి? అక్క ఎప్పుడో చెప్పినవి ఇంకా దిద్దలేదా నువ్వు?"

"చూస్తున్నాను సార్."

"చూడటం కాదు. వచ్చే శుక్రవారం కొత్త సిస్టమ్‌కి మారుతున్నాం. అక్క ఐడీ తీసేస్తారు. దాని కింద ఉన్న ఫైళ్ళు నీ పేరుకి మార్చాలి. కామెంటు ఒక్కటి తెరిచి ఉన్నా ఆ ఫైలు తీసుకోదట. అన్నీ మూసెయ్యి."

అన్నీ మూసెయ్యి. ఎంత సులువుగా అన్నాడు! ఆమె తలూపింది. కుర్చీలో కూర్చుని మొదటి పసుపు గడి వైపు చూసింది. ఇంకోసారి చావడానికి అక్కకి తేదీ ఖరారు చేసినట్టు అనిపించింది.

ఐడీలూ మెయిళ్ళూ చూసే ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. చల్లటి గదిలో, గుండ్రంగా తిరిగే ఫ్యాన్ల హోరు మధ్య, స్వెట్టరు వేసుకుని కూర్చుంటాడు. ఆ రోజు మధ్యాహ్నం చెల్లెలు ఆయన ముందు వెళ్ళి నిలబడింది.

"బాబాయ్, పుణ్యం ఉంటుంది, అక్క ఐడీ ఉంచెయ్యండి. ఎవరికీ అడ్డం లేదు కదా."

"నా చేతిలో ఏముంది తల్లీ? శుక్రవారం సాయంత్రం పాత సిస్టమ్ మొత్తం ఆగిపోతుంది. నేను ముట్టుకోకపోయినా అది పోతుంది."

ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్నది ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. "అక్క ఇంకా వస్తోంది బాబాయ్. టీ వేళకి ఫైలు తెరుస్తుంది. నేను చూశాను."

బాబాయ్ కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడిచాడు, అవసరం లేకపోయినా.

"అది నేనే తల్లీ. ఆ ఫైళ్ళు మీ అక్క పేరునే ఉన్నాయి, భద్రం కోసం కాపీ తీయాలంటే ఆ ఐడీలోంచే వెళ్ళాలి. టీ టైములో అందరూ లేస్తారు, సిస్టమ్ మీద భారం తక్కువ. అప్పుడు తీస్తాను. నువ్వు చూస్తున్నావని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ణి."

ఆమె మొహంలో రంగు పోయింది. ఆయనే మళ్ళీ, "ఒకసారి డిస్కస్ అబౌట్ అని రాశావు కూడా. చూశాను. నీకు నేను చెప్పేదేంటి, ఏదో కావాలనే రాసుంటావులే అని ఊరుకున్నా" అన్నాడు.

ఆ మాటలు ఆమె చెవికెక్కలేదు. అయితే అక్క రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. ఇన్నాళ్ళూ తను నిటారుగా కూర్చున్నది స్వెట్టరు వేసుకున్న బాబాయ్ కోసం. నవ్వాలో ఏడవాలో తెలియక, దణ్ణం లాంటిదేదో పెట్టి బయటికి వచ్చేసింది.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నుంచీ వేరే పనులన్నీ చేసింది. అక్కర్లేని డ్రాయర్లు కూడా సర్దింది. చివరికి మేనేజరు అటుగా రెండుసార్లు తిరిగాక ఫైలు తెరిచింది. మొదటి గడి, సమస్య లోపలికి దూరి కూర్చున్నావా. ఇన్ తీసేసి ఆన్ పెట్టింది. "దిద్దానే" అని నోట్లోనే అనుకుని మీట నొక్కింది. గడి పోయింది. ఆ చోట తెల్లటి అంచు మిగిలింది.

అప్పుడే స్క్రీను కింద మూల కొత్త మెయిలు వచ్చినట్టు చిన్న గంట మోగింది. పంపినవారి దగ్గర అక్క పేరుంది.

మళ్ళీ బాబాయే అనుకుంది మొదట. కానీ మెయిలు తెరవడానికి చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని నొక్కింది.

ఆన్ లీవ్ అని మొదలైంది. తప్పులేని, కుదురైన ఇంగ్లీషు. నేను సెలవు మీద ఉన్నాను, సోమవారం వస్తాను. ఇంగ్లీషు విషయంలో ఏ సందేహం వచ్చినా నాకోసం ఆగకండి, నా పక్కన కూర్చునే మా చెల్లిని అడగండి. తనకి నాకంటే బాగా తెలుసు. ఈ సంగతి తనకి మాత్రం చెప్పకండి. కింద అక్క పేరు.

చెల్లెలు దాన్ని ఒకసారి చదివింది, ఇంకోసారి చదివింది. లిఫ్టు తలుపు పట్టుకుని తను విసుక్కుంటూ నిలబడ్డప్పుడు అక్క రాసి, చెరిపి, మళ్ళీ రాసింది ఇదా! లేచి మేనేజరు గదికి వెళ్ళింది. ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు.

"సార్, అక్క లీవు మెసేజ్..."

"ఆఁ, ఇంకా వస్తోందా?" అన్నాడాయన. ఆమె మొహం చూసి కుర్చీలోంచి లేచాడు. "నీకు తెలియదా? కామెంటు మూస్తే పెట్టినవాళ్ళకి నీ పేరు మీద మెయిలు వెళ్తుంది కదమ్మా, దానికి వచ్చుంటుంది. అప్పట్లో ఆవిడకి మెయిలు పెట్టిన ప్రతివాడికీ వచ్చింది. నాకూ వచ్చింది, క్లయింట్లందరికీ వచ్చింది. అది చూసే కదా వాళ్ళంతా నీ దగ్గరికి వచ్చారు. నువ్వు చదివే ఉంటావనుకున్నా."

"నేను ఎప్పుడూ అక్కకి మెయిలు పెట్టలేదు సార్. పక్కనే ఉండేదిగా."

ఆయన ఒక కుర్చీ ఆమె వైపు జరిపాడు. తరవాత మెల్లగా, "కూర్చుంటావా, మంచినీళ్ళు తెప్పించనా?" అన్నాడు. ఆమె వద్దని తలూపి తన సీటుకి వచ్చింది.

రెండో గడి మూసింది. స్క్రీను మూల వైపు చూస్తూ కూర్చుంది. గంట మోగలేదు. మూడోది మూసింది, మోగలేదు. నాలుగోది మూసి, ఇక ఆగలేక బాబాయ్‌కి బల్ల మీది ఆఫీసు ఫోన్లోంచి కాల్ చేసింది. "దానంతటదే వెళ్ళే ఆ ఆటో రిప్లై ఒక్కో మనిషికి ఒక్కసారే వస్తుంది తల్లీ. మళ్ళీ మళ్ళీ రాదు" అన్నాడాయన. ఫోను పెట్టేసింది. ఒక్కసారి రావడానికి మూడేళ్ళు పట్టిందా అనుకుంది. తనే రానివ్వలేదు కదా అని కూడా అనుకుంది. తప్పులు దిద్దకుండా దాచిపెట్టి, అక్క చెప్పాలనుకోని ఆ ఒక్క మాటకీ తనే అడ్డంగా కూర్చుంది.

ఒక్కో గడే మూసుకుంటూ పోయింది. మొద్దూ పోయింది, టీతో పాటు తాగేసిన టు పోయింది. ప్రతిదాన్నీ పైకి వినపడకుండా అక్క గొంతుతో చదివి మూసింది. ఫైలు అంచు తెల్లబడుతూ వచ్చింది. చుట్టూ కుర్రాళ్ళు వారాంతం హడావుడిలో ఉన్నారు, ఎవరో ఎవర్నో ఏడిపిస్తున్నారు, కాఫీ మిషను గుర్రుమంటోంది. ఎవరూ ఇటు చూడలేదు.

ఆఖరిది మిగిలింది. ఆ శుక్రవారం అక్క చివరగా పెట్టినది. పోర్టల్ అనే మాట ముందు చెల్లెలు ఏదీ తేల్చుకోలేక ఖాళీ వదిలేసిన చోట ఉంది. అందులో తిట్టు లేదు.

"ఇక్కడ ఇన్ పెట్టాలో ఆన్ పెట్టాలో నాకూ తేలట్లేదే. సోమవారం వచ్చాక ఇద్దరం కూర్చుని చూద్దాం."

మూడేళ్ళుగా ఆమె ఈ గడి వరకూ వచ్చి చూపు తిప్పుకునేది. ఈ రోజు తిప్పుకోలేదు. ఆ వాక్యాన్ని మొదటినుంచీ చదివింది. ఎవరినీ అడగలేదు, ఎక్కడా వెతకలేదు. ఆన్ అని రాసింది. మీట నొక్కేముందు అక్క మాట కింద తన మాట రాసింది.

"ఆన్ పెట్టానే అక్కా. తప్పయితే చెప్పు."

పాత సిస్టమ్ ఆగేది సాయంత్రమే. ఇంకా టైముంది కదా అని ఆ గడి మూయకుండా అలాగే ఉంచి కూర్చుంది. టీ వేళ వచ్చింది. పైన మూల ఆకుపచ్చ గుండ్రం వెలిగింది. అది బాబాయేనని, ఆఖరి కాపీ తీస్తున్నాడని తెలుసు. తెలిసినా నిటారుగా కూర్చుంది. గుండ్రం ఎప్పటికంటే ఎక్కువసేపు ఉండి ఆరిపోయింది. ఆమె ఇంకాసేపు చూసింది. తప్పని ఎవరూ చెప్పలేదు. మీట నొక్కింది.